ఖాజాగూడ షెడ్డులో దసరా బోణీ

ఆ రోజుల్లో (ఎప్పుడో రాజుల కాలం అనుకోకండి, నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది) మా లేడీస్ హాస్టల్లో పొద్దున్నే అద్దం దగ్గర తోపులాట జరిగేది. అందరూ మెడలో కంపెనీ ట్యాగులు వేసుకుని, అవి పదిమందికీ కనబడేలా సర్దుకుని, గాజు మేడల వైపు వెళ్ళిపోయేవారు. నేనొక్కదాన్నే చున్నీకి పిన్ను పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కి, ఖాజాగూడ రాళ్ళ వెనకున్న రేకుల షెడ్డుకు పోయేదాన్ని. వాళ్ళదీ బీటెక్కే, నాదీ బీటెక్కే. వాళ్ళ కాలేజీలకు కంపెనీలు వచ్చాయి, నంద్యాల దగ్గర మా కాలేజీకి గేదెలు వచ్చేవి, అంతే తేడా. ఆ గాజు మేడల తలుపుల మీద తొయ్యండి, లాగండి అని స్టిక్కర్లు ఉంటాయి చూడండి, అవన్నీ మా షెడ్డులో తయారైనవే. వాటిని చదివి తలుపు తోసుకుని చల్లటి గదుల్లోకి పోయే యోగం వాళ్ళది. వాటిని కత్తిరించే యోగమైనా నాకు దక్కిందా అంటే, అదే ఇప్పుడు చెప్పబోయే ఏడుపు.

మా యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. పుట్టి పెరిగింది ఖాజాగూడలోనే. ఊరి చుట్టూ బిల్డింగులు లేచినప్పుడు తాతల నాటి పొలం అమ్మేసి, మిగిలిన కాస్త జాగాలో షెడ్డు వేసి, పెద్ద ప్రింటింగ్ మిషన్ కొన్నాడు. మనిషి మంచివాడే. (మంచివాడే అని మొదలుపెట్టానంటే మీకు అర్థమయ్యే ఉంటుంది.) నన్ను కంప్యూటర్ మీద డిజైన్లు చేయడానికి పెట్టుకున్నాడు. నా కళ్ళు మాత్రం మొదటి రోజు నుంచీ ఆ మిషన్ మీదే ఉన్నాయి. మంచానికి రెండింతల పొడవు, ఒక పక్క నుంచి జిగురు పూసిన తెల్లటి వినైల్ ప్లాస్టిక్ రోల్ లోపలికి పోతుంటే, ఇంకో పక్క నుంచి రంగులతో బయటికొస్తుంది. ఆ ప్రింట్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర వేసి మళ్ళీ అదే మిషన్‌కు ఎక్కిస్తే, అటూ ఇటూ కదిలే దాని తలలో దాక్కున్న చిన్న కత్తి కిందికి దిగి, ప్రతి బొమ్మనూ దాని అంచు వెంబడి కోస్తుంది. పైనున్న స్టిక్కరు తెగాలి, కింద కాగితం తెగకూడదు. అంత సున్నితం. బొమ్మ ఎక్కడుందో కత్తికి తెలియడానికి మూలల్లో నల్లటి గుర్తులు ప్రింట్ అయి ఉంటాయి. కత్తి పక్కనే పెసరగింజంత గాజు కన్ను ఒకటి ఉండి ఆ గుర్తులను వెతుక్కుంటుంది. మొదటిసారి ఆ కన్ను గుర్తు పట్టుకోవడం, కత్తి గిర్రున గుండ్రంగా తిరగడం చూసి, జీతం ఇవ్వకపోయినా ఇక్కడే ఉంటాననిపించింది. (ఈ మాట పైకి అనలేదు. అనుంటే సేటు నిజంగానే ఇచ్చేవాడు కాదు.)

మిషన్ కొన్న కొత్తలో కంపెనీ నుంచి ఒకాయన వచ్చి నేర్పించాడు. సేటు ఫోన్లో ఉన్నాడు. సేటు బామ్మర్ది, అంటే భార్య తమ్ముడు, చాయ్ తాగొస్తానని వెళ్ళి భోజనాల వేళకు తిరిగొచ్చాడు. మొత్తం విన్నది నేనొక్కదాన్నే. జుట్టు ముడి వేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి, గాజులు, దారాలు, వేలాడే దండలు మిషన్ దరిదాపుల్లో ఉండకూడదు. ఇంకు డబ్బా మార్చేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, షట్టర్ తెరిచి గాలి. అన్నింటికంటే ముఖ్యం, కరెంటు తీయకుండా తల కింద చెయ్యి పెట్టకూడదు. "ఆగి ఉన్న మిషన్ వేరు, ఆపిన మిషన్ వేరమ్మా" అన్నాడాయన. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అవన్నీ ఒక కాగితం మీద అందంగా ప్రింట్ తీసి, గోడకు అంటించాను. ఆ రోజు నుంచి నా పేరు సేఫ్టీ మేడం. నేను అద్దాలు పెట్టుకుంటే చాలు, బామ్మర్ది ఈల వేసి, "మేడం, గీ అద్దాలల్ల హీరోయిన్ లెక్కున్నరు, పోస్టర్ కొట్టాల్నా?" అనేవాడు. మూత తెరిస్తే మిషన్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉండేది. మిషన్ నడపడానికి ఆ తర్వాత చేరిన ఆపరేటరు అక్కడ ఒక అయస్కాంతం ముక్క అంటించి, మూత మూసే ఉందని మిషన్‌ను నమ్మించేవాడు. పని తొందరగా అవుతుందట! నేను పొద్దున పీకి పారేసేదాన్ని, మధ్యాహ్నానికి మళ్ళీ ప్రత్యక్షమయ్యేది. ఆయన దుబాయ్ వెళ్ళిపోయాక ఆ సేవ బామ్మర్ది అందుకున్నాడు.

పాత ఆపరేటరు పోయేసరికి కుర్చీ ఖాళీ అయింది. నేను సిగ్గు విడిచి అడిగాను. "మిషన్ నాకివ్వండి సార్, నడపడం నాకొచ్చు." సేటు నన్ను ఎంతో జాలిగా చూశాడు. "నువ్వు చదువుకున్న పిల్లవు. సల్లగ కంప్యూటర్ ముంగట కూసోక, మిషన్ కాడ నీకేం పని బిడ్డా?" అన్నాడు. చదువుకున్నానని మిషన్ ఇవ్వని చోటు ప్రపంచంలో అదొక్కటే అయి ఉంటుంది. ఇంతలో బామ్మర్ది కూడా అడిగాడు, వాళ్ళక్క చేత అడిగించాడు. సేటుకు ఇంట్లో పోరు, షెడ్డులో నా పోరు. చివరికి తేల్చేశాడు. "ఇగ ఎవ్వలూ పరేషాన్ జెయ్యకుండ్రి. దసరా నాడు పూజయినంక బోణీ పని ఎవలు సక్కగ జేస్తే మిషన్ ఆళ్ళది." బోణీ పనేమిటో కూడా నిర్ణయమైపోయింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద ఆఫీసు భద్రతా వారోత్సవం చేస్తోంది. మెట్ల దగ్గర అంటించడానికి పచ్చరంగులో పరుగెత్తే మనిషి బొమ్మలు కావాలి, రోల్ నిండా మనుషులే. భద్రత గురించి పని! నా కోసమే పుట్టిన పనిలా ఉంది. ఆ రాత్రి హాస్టల్లో దుప్పట్లో దూరి తెగ సంబరపడ్డాను.

ఇక్కడ పెద్దమ్మ గురించి చెప్పాలి. పెద్దమ్మ అంటే సేటు తల్లి. పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. ఆ షెడ్డున్న జాగాలో ఒకప్పుడు జొన్న కోసిన చేతులు ఆమెవి. రోజూ మధ్యాహ్నం వచ్చి రోల్ చుట్టిన అట్ట గొట్టం మీద కూర్చుని మిషన్‌ను చూస్తుండేది. దసరాకు ముందు రోజు నేను ప్రింట్లు తీసి, ప్లాస్టిక్ పొర వేసి, కత్తిరింపుకు సిద్ధం చేస్తుంటే దగ్గరికొచ్చింది. "పిల్లా, దీన్ల ఆయుధం యాడున్నది?" అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ షెడ్డులో మిషన్ గురించి నన్ను ప్రశ్న అడిగిన మొదటి మనిషి! కరెంటు తీసి, మూత ఎత్తి, ఆమె చేతిని పట్టుకుని వంచి మరీ చూపించాను. "ఇదిగో పెద్దమ్మా, ఈ తల కింద. కనబడిందా? సూదంత ఉంది చూడు, అదే కత్తి." ఆమె బాగా చూసుకుని, "గింతేనా? మా కొడవలి నయం" అని పోయింది. నేను చాలా బాగా వివరించానని మురిసిపోయాను.

దసరా పొద్దున షెడ్డంతా కడిగి, ముగ్గులేసి, మిషన్‌కు మామిడాకులు కట్టారు. నేను ముందే సేటుతో పోట్లాడి, పూజ అయ్యేదాకా కరెంటు తీయించాను. బంతిపూల దండ విషయంలో కూడా పోట్లాడాను. "పూజయ్యాక తీసేయాలి సార్, లోపలికి లాక్కుంటుంది" అంటే, "ఏడాదికొక్క దినం, జర దేవుణ్ణి గూడ సేఫ్టీల వెట్టకు తల్లీ" అన్నాడు. అయినా దండ తీయించాను. సేటు భార్య అందరి నుదుటా బొట్లు పెట్టింది, గుమ్మడికాయ కొట్టారు, కొబ్బరికాయ కొట్టారు. పెద్దమ్మ దూరంగా గోడ వారన నిలబడింది. అందరూ పులిహోర కోసం బయటి షామియానా కిందికి పోయారు. నేనూ పోయాను. చేతులు కడుక్కుని తిరిగొచ్చి, జుట్టు ముడి వేసి, చున్నీ తీసి మేకుకు తగిలించి, కరెంటు వేశాను. నా జీవితంలో అంత పద్ధతిగా నేను పరీక్ష కూడా రాయలేదు.

మిషన్ రోల్‌ను ముందుకీ వెనక్కీ జరుపుకుంది, తల అటూ ఇటూ పోయింది, ఆగింది. గుర్తు కనబడలేదు అని తెర మీద చూపించింది. రోల్ వంకరగా ఎక్కిందేమోనని సరిచేసి మళ్ళీ నొక్కాను. కనబడలేదంది. షట్టర్ లోంచి ఎండ పడుతోందేమోనని షట్టర్ సగం దించాను. ప్లాస్టిక్ పొర మెరుపుకు తడబడుతోందేమోనని గుర్తుల మీద కాస్త మసకగా ఉండే టేపు అంటించాను. కనబడలేదు, కనబడలేదు, కనబడలేదు. నా వెనక సేటు, సేటు భార్య, పక్క షెడ్డు వాళ్ళు, పులిహోర ఆకులతో సహా నిలబడి చూస్తున్నారు. ఇక మిగిలింది కన్ను ఒక్కటే, దానికి దుమ్ము పట్టి ఉండాలి. "ఒక్క నిమిషం సార్, కరెంటు తీసి కన్ను తుడుస్తాను" అన్నాను.

పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, బోణీ గాకముందే బంద్ వెడ్తవా పిల్లా! ఏడాదంతా బందే అయితది!" సేటు ముఖం చూశాను. తల్లి మాట ఎన్నడూ దాటనివాడు. "గట్లనే తుడువు బిడ్డా, బంద్ జెయ్యకు. ఏం గాదు" అన్నాడు. "కరెంటు తీయకుండా ఆ తల కింద నేను చెయ్యి పెట్టను సార్. మీరు చెప్పినా పెట్టను" అన్నాను. అందరి ముందూ, పండగ పూట, జీతమిచ్చే మనిషితో! పక్క షెడ్డాయన "ఆడపిల్ల గదా, భయపడ్తది" అని నా తరఫున సర్దిచెప్పాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. సేటు బామ్మర్ది వైపు తిరిగాడు. "నువ్వు జూడు రా."

బామ్మర్ది కొత్త చొక్కా చేతులు మడుచుకుని వచ్చాడు. (బోరబండ నుంచి రోజూ రైలు తప్పిపోయి ఆలస్యంగా వచ్చే మనిషి, ఆ రోజు మాత్రం ఎలా అందుకున్నాడో అందుకున్నాడు.) మొట్టమొదట చేసిన పని అయస్కాంతం ముక్క అంటించడం. తర్వాత గుర్తులు వెతికే పనే మాన్పించేసి, అంచనాగా కత్తి దింపాడు. మిషన్ బుద్ధిగా కోసుకుంటూ పోయింది. సేటు చప్పట్లు కొట్టాడు. మొదటి వరస స్టిక్కర్లు ఊడదీసి చూస్తే, పరుగెత్తే మనిషికి తల లేదు. తల పక్క స్టిక్కరులో ఉంది. ఒకడి కాళ్ళ పక్కన ఇంకొకడి తల, ఆ తల పక్కన మూడోవాడి చెయ్యి. భద్రతా వారోత్సవానికి అంతకంటే భయపెట్టే బొమ్మలు ఎవరూ గీయలేరు. నాకు నవ్వాగలేదు, ఆపుకోనూ లేదు. ఆ నవ్వే అతనికి తగిలిందనుకుంటాను. ముఖం ఎర్రగా చేసుకుని మళ్ళీ గుర్తులు వెతికే పని పెట్టాడు. మిషన్ కనబడలేదని ఆగింది. "కన్నేగదా, తుడిస్తే అయిపాయె" అంటూ మూత ఎత్తి, వేలికి చేతిరుమాలు చుట్టి, తల కిందికి పోనిచ్చాడు.

"చెయ్యి తీయన్నా! అది ఆగలేదు, మళ్ళీ వెతుకుతుంది!" అని అరిచాను. అతను నా వైపు తిరిగి నవ్వాడు కూడా. మిషన్ ఊపిరి తీసుకున్నట్టు ఒక చప్పుడు చేసి తలను ఈడ్చుకుపోయింది, దాంతోపాటు చేతిరుమాలునూ చేతినీ. అతని కేక ఇంకా పూర్తికాకముందే నేను మిషన్‌ను ఉన్నపళంగా ఆపే ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాను. అంతా ఆగిపోయింది. తలను మెల్లగా పక్కకు నెట్టి చెయ్యి బయటికి తీశాం. చూపుడువేలు కణుపు దగ్గర నిలువునా తెగి నెత్తురు కారుతోంది. తెల్లటి రోల్ మీద బొట్లు బొట్లుగా పడింది. సేటు గుడ్డ చుట్టి కారెక్కించి దవాఖానకు తీసుకుపోయాడు, భార్య ఏడుస్తూ వెంట పోయింది. చూసేవాళ్ళు చెదిరిపోయారు. షెడ్డులో నేనూ పెద్దమ్మా మిగిలాం.

నేను ప్లగ్గు పీకేసి, దూది తీసుకుని, వంగి, కన్ను తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది. నెత్తురనుకున్నాను. వాసన చూస్తే కుంకుమ, నూనెలో తడిపిన కుంకుమ. కత్తికీ బొట్టు, కత్తి పక్కన కన్నుకూ బొట్టు, ఆ పక్కన మరలకు కూడా వరసగా బొట్లు. నేను దూది ఎత్తి చూపించేలోపే పెద్దమ్మ పరుగున వచ్చింది. "ఏం జేస్తున్నవే! దసరా నాడు బొట్టు తుడుస్తవా! చేతులెట్లొచ్చినయే నీకు!" ఆమె గొంతు విని నేను అదిరిపడ్డాను. మామూలు తిట్టు కాదది. ఆమె నుదుటి వైపు చూశాను. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న నుదురు. తర్వాత ఆమే చల్లబడి, మిషన్ అంచు పట్టుకుని నిలబడి, నాతో కాదు, మిషన్‌తో చెప్పుకున్నట్టు చెప్పింది. "మనుషులకైతే నన్ను పెట్టొద్దంటరు. ముత్తైదువను గాదు గదా. అందరు తినవోయినంక ఒక్కదాన్నే వచ్చి పెట్టిన. మిషనేమంటది అనుకున్న. దానికి కన్నుంటదని నాకేమెరుక బిడ్డా?" నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకేసారి వచ్చి కూర్చుంటే ఏం చేయాలో ఎవరూ నేర్పరు. నేను నెత్తురు పడిన చోటు దాకా రోల్ కోసి పారేసి, మిషన్‌కు కరెంటిచ్చి, బటన్ నొక్కాను. కన్ను గుర్తు పట్టుకుంది. కత్తి ఒక్కో మనిషి చుట్టూ, తల నుంచి కాలి దాకా, వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగింది. సేటు తిరిగొచ్చేసరికి మనుషులందరూ నిండు తలలతో సిద్ధంగా ఉన్నారు.

సేటు స్టిక్కర్లు చూశాడు, నన్ను చూశాడు. బామ్మర్ది చేతికి కట్టు కట్టించుకుని, కుట్లు పడ్డ వీరుడిలా కుర్చీలో కూర్చున్నాడు. "ఎట్ల నడిచింది బిడ్డా?" అనడిగాడు సేటు. నేను నోరు తెరిచాను. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నా వైపే చూస్తోంది. పండగ పూట, కొడుకు, కోడలి ముందు, ఆ ముసలామె దొంగచాటుగా పెట్టిన బొట్ల సంగతి నేను బయట పెట్టాలా? "కంటికి దుమ్ము పట్టింది సార్, తుడిచాను" అన్నాను. దుమ్ము! అంతకంటే నీరసమైన మాట ఈ భూమ్మీద ఉందా? పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ సంబరంలో ఏమనాలో తోచక, నన్ను కాపాడాలనుకుందో తనను కాపాడుకుందో గానీ, "మిషన్ రక్తం జూసింది రా. అందుకే శాంతించింది" అనేసింది. అంతే! షెడ్డంతా ఒక్కసారి నిట్టూర్చింది. దసరా నాడు బలి కోరింది, పిల్లవాడి చేతి నుంచి తీసుకుంది, తీసుకుని కదిలింది. పక్క షెడ్డాయన మళ్ళీ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో, "ఇగ ఆ మిషన్ ఆనిదే సేటూ, ఆణ్ణి ఒప్పుకున్నది" అన్నాడు. సేటు కళ్ళు తుడుచుకుని బామ్మర్ది భుజం తట్టాడు. నేను నిజం చెప్పి ఉంటే మిషన్ నాదయ్యేదని కూడా అనను. సేటు అప్పుడు ఇంకో దారి వెతుక్కునేవాడు. కానీ వెతుక్కునే శ్రమ కూడా అతనికి తప్పించాను చూడండి, అదీ మంట!

మర్నాడు సేటు నన్ను పిలిచి, మిఠాయి డబ్బా చేతిలో పెట్టి, "నీ అసుంటి పిల్ల మా షెడ్డుకు దొరకదు. ఆని చెయ్యి మానంగనే మిషన్ మీద కూసుంటడు, నువ్వే జర నేర్పియ్" అన్నాడు. ఆ మిఠాయి హాస్టల్లో పంచాను, ప్రమోషన్ వచ్చిందా అని అడిగారు. వాళ్ళ ముఖం మీదే తలుపేసుకుని పడుకున్నాను. నేర్పనని చెప్పి మానేయాల్సింది. నంద్యాల బస్సెక్కాల్సింది. కాదూ, పంతానికి పోయి అరకొరగా నేర్పాల్సింది. ఒక్క ముక్క దాచుకుంటే చాలు, ఎవరికీ తెలిసేది కాదు. ఇవన్నీ రాత్రంతా పళ్ళు కొరుకుతూ ఆలోచించి, పొద్దున షెడ్డుకు పోయి, కట్టు కట్టిన ఆ వేలి ముందు నిలబడి, మొట్టమొదట ఎర్ర బటన్ ఎక్కడుందో చూపించాను. కళ్ళు మూసుకుని తడిమి పట్టుకోమన్నాను. అయస్కాంతం ముక్కను అతని చేతే పీకించి, అతని చేతే మురిక్కాలవలో వేయించాను. కరెంటు తీయకుండా చెయ్యి చాచినప్పుడల్లా స్కేలుతో ఒక్కటిచ్చాను. (దానికి మాత్రం సంతోషంగా ఉండేది.) ఉగాది లోపు అతనికి మొత్తం వచ్చేసింది, నేను మానేశాను.

ఇప్పుడు నేను ఇలాంటి మిషన్లు అమ్మే డీలరు దగ్గర, కొన్నవాళ్ళకు నేర్పించే పని చేస్తున్నాను, ఈసారి జీతం తీసుకుని. ఈమధ్య తెల్లాపూర్‌లో ఒక షాపుకు వెళ్తే, ఆ యజమాని మాటల్లో మా సేటు బామ్మర్ది పేరెత్తాడు. సొంతంగా పెద్ద షాపు పెట్టాడట, అంతా ఉస్తాద్ అంటారట, మిషన్ దగ్గర అంత జాగ్రత్త మనిషి ఈ చుట్టుపక్కల లేడట. "ఎవరి దగ్గర నేర్చుకున్నాడట?" అని అడిగాను. "ఎవ్వలు నేర్పలేదు మేడం, ఆయనకు పుట్టుకతోనే వచ్చింది" అన్నాడు. పాత మంట భగ్గుమంది. గోడకు కాగితాలంటించి, స్కేలు పట్టుకుని, తనది కాని మిషన్ కోసం గొంతు చించుకున్న ఆ పిచ్చిపిల్ల కళ్ళ ముందు కదిలింది. నువ్వెంత తెలివితక్కువదానివే అని దాన్ని తిట్టుకుంటూనే ఇంకొక్క మాట అడిగాను. "ఆయన వేళ్ళన్నీ ఉన్నాయా?" ఆయన నన్ను వింతగా చూసి, "ఎందుకుండవు మేడం, పదికి పది ఉన్నయి" అన్నాడు. "సరే, మంచిది" అని, ఆ పిల్ల తరఫున కాస్త నవ్వుకుని, మిషన్ మూత ఎత్తే ముందు ప్లగ్గు పీకాను.